తువ్వాలు కింద మంచుకొండలు

పోయిన నెల కుప్పంలో రైలు రెండు గంటలు ఆలస్యమంటే, గడ్డమన్నా గీయించుకుందామని స్టేషను దగ్గర మంగలి షాపులో కూచున్నాను. ముఖమంతా సబ్బు నురుగు. ఎదురుగా అద్దం, అద్దం పక్కన ఒక కేలండరు, కేలండరులో మంచుకొండలు. ఊరికే ఉండలేక శిఖరాలు లెక్కపెట్టినాను. ఒకసారి కాదు, మూడుసార్లు. లెక్క తేలేసరికి నవ్వొచ్చింది. నవ్వేసరికి కత్తి జారి గడ్డం కింద చిన్న గాటు పడింది.

"కొండల్ని సూసి నవ్వేటోళ్ళని నేను యాడా సూళ్ళేదు సామీ," అన్నాడు మంగలాయప్ప, గాటు మీద పటిక రుద్దుతా.

నవ్వింది కొండల్ని చూసి కాదు. వాడు గుర్తొచ్చినాడు.

వాడి పేరు రాయను. రాస్తే వాడి బామ్మర్దులు ముగ్గురూ బస్సెక్కి మదనపల్లెకొచ్చి నన్ను వెతుకుతారు. వాడు మాత్రం రాడు. పోయి ఏడాది దాటింది. కామెర్లు. బతికుంటే ఇది చదివించుకుని, "ఇంత పొడుగు యాల రాసినావప్పా, కాయితం దండగ" అని ఉంటాడు.

వాడు పుంగనూరు సంతలో ఎద్దుల దళారి. మనిషి సన్నం, మీసం లావు. దూరం నుంచి చూస్తే మీసమే ఒంటరిగా నడిచొస్తా ఉన్నట్టుండేది. ఎద్దు వయసు పండ్లను బట్టే చెప్తారు, ఆ అలవాటు కొద్దీ ఎవరు ఎదురైనా ముందు పండ్లు చూసేవాడు, తర్వాతే కళ్ళు. పరిచయమైన మొదటి రోజు నేను మర్యాదకు నవ్వితే, నా నోట్లోకి తొంగిచూసి, "ఇరవైమూడు నిండలా" అన్నాడు. నిజంగానే నిండలేదు. నా వయసు మా నాయనకు కూడా అంత కచ్చితంగా తెలియదు.

వాడి భుజం మీద ఎప్పుడూ ఒక నీలం అంచు తువ్వాలు ఉండేది. అది సోకు కాదు, పనిముట్టు. సంతలో ఎద్దుల బేరం నోటితో జరగదు. ఇద్దరు చేతులు కలుపుతారు, పైన తువ్వాలు కప్పుతారు, కింద వేళ్ళు మాట్లాడుకుంటాయి. ఎన్ని వేళ్ళు పట్టుకుంటే అన్ని నూర్లు. చుట్టూ మూగినవాళ్ళకు ఇద్దరి మొహాలు తప్ప ఏమీ కనబడవు, ఆ మొహాలు రెండూ అబద్ధమే చెప్తా ఉంటాయి. వేళ్ళు మాత్రం చెప్పవు. సంతలో నోటితో నూరు కోతలు కోసినా ఎవరూ పట్టించుకోరు. తువ్వాలు కింద ఒక్కటి కోస్తే మాత్రం ఆ మనిషికి మళ్ళీ ఎవరూ చెయ్యివ్వరు.

ఎద్దుల సంగతి పక్కన పెడితే, లోకం సంగతిలో వాడికి ఒకే సిద్ధాంతం ఉండేది: "సూసేదానికి దుడ్లు యాల?" మదనపల్లెకు సర్కసు వస్తే టికెట్టు కొనకుండా డేరా వెనక గడ్డిబండి ఎక్కి చూసినాడు. వాడికి కనబడినవన్నీ వెనక వైపులే. వారం రోజులు చూసి, "ఏనుగులో ముఖ్యమైన భాగం అదే గదప్పా, ముందర తట్టు ఏముంటాది, తొండమే గదా" అని తేల్చినాడు.

ఇట్లాంటివాడు ఒకసారి అవసరం లేకుండా ఒక అబద్ధమాడినాడు. మూడు వారాలు ఊర్లో కనబడకుండా పోయి, తిరిగొచ్చి సింగపూర్ పోయొచ్చినానని సంతలో చెప్పినాడు. రోడ్ల మీద ఉమ్మకూడదంట, అక్కడి ఎద్దులకు కూడా లైసెన్సంట. అందరూ నోళ్ళు తెరుచుకుని విన్నారు. నాలుగో రోజు రామసముద్రం నుంచి వచ్చిన ఒక రైతు, "నువ్వు మద్రాసు బీచిలో సుండలు గుగ్గిళ్ళు తింటా ఉంటివే, నేను పిల్చినా పలకలేదు" అన్నాడు. వాడు మూడు వారాలూ మద్రాసులో వాళ్ళ అత్త ఇంట్లో ఉండినాడు.

అందరూ నవ్వినారు, అంతటితో అయిపోయిందనుకున్నాము. అయిపోలేదు. ఆ తర్వాత వాడు ఏ ఎద్దును చూపించి "ఆరు పండ్లు" అన్నా, కొనేవాడు "సింగపూర్ పండ్లా అప్పా?" అనేది. నవ్వుతానే అనేది, నవ్వుతానే పక్క దళారి దగ్గరికి పోయేది. మాట నమ్మని దళారికి సంతలో నిలబడేదానికి నీడ కూడా దొరకదు. రెండు నెలల్లో వాడి తువ్వాలు కిందికి చెయ్యి పెట్టేవాడే లేకుండా పోయినాడు.

పెద్దపంజాణి తట్టు నుంచి వచ్చే ఒక ముసలి దళారి ఉండేవాడు. సంతంతా ఆయన్ని మామ అనేది. ఆయన ఎద్దు తోక పట్టుకుని దాని తాత కత చెప్పేవాడు. ఒక సంత రోజు టీ కొట్టు దగ్గర వాడు ఆ మామ ముందుకు పోయి నిలబడినాడు.

"మామా, ఈసారి నిజంగానే ఫారిన్ పోతా. మంచుకొండలు సూసొస్తా. సూసొచ్చినానని నువ్వు ఒప్పుకుంటే నా మాట మళ్ళీ నిలబడ్తాదా?"

మామ టీ ఊదుకుంటా ఆలోచించినాడు. "సాక్ష్యంతో రా. నేను ఒప్పుకుంటే సంత ఒప్పుకుంటాది. ఒప్పుకోలేదనుకో, నీ తువ్వాలు నా చేతిలో పెట్టి వేరే పని సూసుకో. సరేనా?"

"సరే. సాక్షి ఈయప్ప," అని వాడు నన్ను ముందుకు లాగినాడు.

మామ నన్ను కింది నుంచి మీదికి చూసినాడు. "ఈ ఎగతాళోడా? యాల, ఇంకెవురూ దొరకలేదా?"

ఆయన అనుమానం న్యాయమైనదే. అప్పట్లో నేను మదనపల్లెలో హిందీ ట్యూషన్లు చెప్పుకుంటా, మిగతా సమయంలో నలుగురినీ నవ్విస్తా బతుకుతా ఉంటిని. నేను ఒక్క మాటన్నా నేరుగా చెప్పినట్టు ఎవరికీ జ్ఞాపకం లేదు. వాడు నన్ను ఎంచుకున్నది నిజాయితీ చూసి కాదు, హిందీ చూసి. నేను ఒప్పుకున్నది స్నేహం చూసి కాదు, రైలు టికెట్టు వాడు తీస్తానన్నాడు కాబట్టి.

మాకు తెలిసినంతలో పాస్‌పోర్టు అక్కరలేని విదేశం నేపాలు ఒకటే కాబట్టి నేపాలు పోవాలనుకున్నాము. ఎప్పుడు పోవాలంటే, దుక్కులైపోయి సంతలో బేరాలు పలచబడినప్పుడు పోవాల. అంటే వానాకాలంలో. సంత ఖాళీగా ఉన్నప్పుడు ఆకాశం ఖాళీగా ఉండదని మాకు ఎవరూ చెప్పలేదు. మేము కూడా ఎద్దుల లెక్క తప్ప మబ్బుల లెక్క చూడలేదు.

మదనపల్లెలో ఒక స్టూడియో ఆయన్ని బతిమాలి డబ్బా కెమెరా తీసుకున్నాము. పన్నెండు ఫోటోల రీలు. "ఒక్కో ఫోటో తీసినాక ఈ చెవి తిప్పి రీలు జరపాల, మర్చిపోవద్దు" అని ఆయన చెప్పినాడు. వీధిలోకి రాగానే వాడు, "తిప్పితే రీలు బిరీన అయిపోతాది. రీళ్ళు అమ్ముకునేటోడు ఇంకెట్ల చెప్తాడు? చెవి మీద చెయ్యి పెట్టొద్దు" అన్నాడు. నాకు అది గొప్ప తెలివిగా తోచింది. ఇది నేను ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

కుప్పంలో రైలెక్కి, మద్రాసులో మారి, ఇంకో మూడుచోట్ల మారి, అయిదో రోజు సరిహద్దు చేరినాము. మూటలో రాగిపిండి, ఎండుమిరపకాయల ఊరిమిండి పచ్చడి, కిరోసిన్ స్టవ్వు. వాడు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, చేతిలో రేషన్ కార్డు పట్టుకుని, ఛాతీ విరుచుకుని గేటు దాటినాడు. ఎవరూ ఆపలేదు. ఒక పోలీసు చెవిలో పుల్ల తిప్పుకుంటా ఉండినాడు.

"ఇదేందిరా, ఆపనన్నా ఆపలేదు? ఆపకపోతే ఫారినెట్ల అవుతాది?" అని వెనక్కి పోయి మళ్ళీ దాటినాడు. ఆపలేదు. మూడోసారి దాటితే ఆపినారు, దొంగసరుకు మోసేవాడేమోనని. మూట విప్పించినారు, రాగిపిండి వాసన చూసినారు, మీసం లాగి చూసినారు. ఆ అరగంట వాడి మొహంలో ఉన్న సంతోషం వాడి పెళ్ళి ఫోటోలో కూడా నేను చూడలేదు.

కాఠ్మండూలో నా హిందీ ఎంత గొప్పదో తెలిసింది. పాఠ్యపుస్తకంలో మోహన్ మామిడిపండు తింటాడు, సీత బడికి పోతుంది. వాళ్ళిద్దరూ ఎక్కడా గది అద్దెకు అడగరు. నేను ధర్మశాల బోర్డు కిందనే నిలబడి, "క్యా యహ్ ధర్మశాలా హై?" అని అడిగితే కాపలావాడు నన్ను జాలిగా చూసినాడు. మా వాడు నన్ను పక్కకు నెట్టి, సంతలో తురకల దగ్గర నేర్చిన భాషలో, "కైకు ఇత్తా? నక్కో భయ్యా!" అని, అంతెందుకు, వద్దన్నట్టు బేరం మొదలుపెట్టినాడు. కాపలావాడింకా ధర చెప్పనే లేదు. రెండు నిమిషాల్లో గది దొరికింది. నేను పరీక్షల్లో ఫస్టు క్లాసు.

ఆ ఊరిని వాడు బయటి నుంచి చూసినాడు. రాజభవనం గోడ బయటి నుంచి, మ్యూజియం గేటు బయటి నుంచి. లోపలికి పోయొచ్చేవాళ్ళను ఆపి, "అందర్ క్యా హై?" అని అడిగి, నలుగురి మాటా కలిపి ఒక మ్యూజియం కట్టుకునేవాడు. ధనవంతులైన తెల్లవాళ్ళు గైడును పెట్టుకుంటే మేము ఆ గైడు వెనకే నడిచేది. గైడు ఇంగ్లీషులో చెప్పేది. వాడికి ఇంగ్లీషు రాదు. అయినా తల ఊపుతా, సరైన చోట "అబ్బా!" అనేవాడు. ఒక తెల్లామె వాణ్ణి పండితుడనుకుని ఏదో సందేహం అడిగింది. వాడు ఆమె పండ్లు చూసి, "నలబై రెండు" అన్నాడు తెలుగులో.

ఒక గుడి ముందర పొట్టి ఆవు కనబడింది. "రేయ్, మన పుంగనూరు ఆవు!" అని అరిచి, పరిగెత్తి దాని నోరు తెరిచినాడు. అది గుడి ఆవు. జనం మూగినారు. పూజారి అరిచినాడు. వాడు ఏమీ జంకకుండా, "ఎనిమిది పండ్లు. దీనికి ఎడం తట్టు నడుం నొప్పి ఉండాది, తవుడు తక్కువ పెట్టండి" అని నాతో చెప్పించినాడు. నేను చెప్పిన హిందీలో ఆవు మామిడిపండు తిన్నదో బడికి పోయిందో తెలియదు గానీ పూజారి మాకు ప్రసాదం పెట్టినాడు.

సాయంత్రం ధర్మశాల వరండాలో స్టవ్వు మీద సంగటి కెలికినాము. కాపలావాడు వచ్చి, ముద్ద చూసి, తాకి, తిని, "ఢిండో!" అన్నాడు. వాళ్ళూ అదే తింటారంట. మా వాడి మొహం వాడిపోయింది. "ఇంత దుడ్లు పెట్టి ఇంత దూరం వచ్చి ఈడ కూడా సంగటేనా?" అని. మరుసటి రోజు నుంచి మాత్రం కాపలావాడి వాటా కూడా కలిపి కెలికినాడు.

ఇవన్నీ బాగుండాయి గానీ మంచుకొండలు లేవు. మూడు రోజులూ మబ్బే. మూడో రోజు సాయంత్రం వాడు మెట్ల మీద కూచుని తువ్వాలు విప్పి మడిచి, విప్పి మడిచి, "రేపొక్క రోజే ఉండాది. కనబడకపోతే ఇదింక మామదే" అన్నాడు. నేను, "మామకు నీలం అంచు బాగుంటాది" అన్నాను. వాడు నవ్వలేదు. నాకు కొంచెం భయమేసింది.

ఊరికి తూర్పున ఒక కొండ ఉంది, అది ఎక్కితే కనబడతాయి అన్నారు. నాలుగో రోజు తెల్లవారగానే ఆ దోవకు పోయినాము. ఉర్లగడ్డల బస్తాలు దించి ఖాళీగా పైకి పోతున్న లారీ ఒకటి ఆగి ఉంది. మనిషికెంతని అడిగేదానికి వాడు అలవాటు కొద్దీ డ్రైవరు చెయ్యి పట్టుకుని పైన తువ్వాలు కప్పినాడు.

డ్రైవరు కొండజాతి మనిషి. తువ్వాలు చూసినాడు. కళ్ళు పెద్దవయినాయి. దాన్ని రెండు చేతులా తీసుకుని, నుదుటికి ఆనించుకుని, మెడలో వేసుకుని మాకు దండం పెట్టినాడు. వాళ్ళ దిక్కున ఎవరికన్నా గౌరవం చెయ్యాలంటే మెడలో గుడ్డ వేస్తారంట. మాకది తర్వాత తెలిసింది. మా వాడు మాత్రం చెయ్యి అట్లనే చాచి, రెండు వేళ్ళు పైకి పెట్టుకుని నిలబడిపోయినాడు.

"బేరం తెగిందా?" అని అడిగినాడు నన్ను.

"తెగింది. తువ్వాలుకు."

డ్రైవరు మా దగ్గర పైసా తీసుకోలేదు. దోవంతా పాట పాడినాడు. దిగేటప్పుడు నేను, "తువ్వాలు అడుక్కో, అది లేకుండా పోతే మామ ముందర ఎట్ల నిలబడ్తావు?" అన్నాను. వాడు డ్రైవరు మెడ వైపు చూసి తల అడ్డంగా ఊపినాడు. "మర్యాద అనుకున్నోని మెడలోంచి ఎట్ల లాగేదప్పా?"

గోడ బయట నిలబడి మ్యూజియం చూసిన మనిషి వాడు.

కొండ మీద మళ్ళీ మబ్బే. కూచున్నాము. మధ్యాహ్నం దాకా కూచున్నాము. "ఇది కూడా బయటి నుంచి చూసినట్టు లెక్కేసుకో" అన్నాను నేను. అప్పుడు మబ్బు చీలింది. ఒక బీడీ కాలేంతసేపు.

వాడు లేచి నిలబడి చెప్పులు విడిచినాడు. నేను, "ఏం, పండ్లు చూడవా?" అన్నాను.

"నోర్ముయ్‌రా," అన్నాడు మెల్లగా.

మూసుకున్నాను. అది అంత తెల్లగా ఉంటుందని నేను కూడా అనుకోలేదు. వెంటనే గుర్తొచ్చి వాణ్ణి నిలబెట్టి టకటకా పన్నెండు ఫోటోలు తీసినాను. చెవి తిప్పలేదు. మబ్బు మూసుకుంది.

"అయిదు శిఖరాలు!" అన్నాడు వాడు.

"మూడు."

"అయిదురా గుడ్డోడా!"

"మూడే. మిగతా రెండు మబ్బులు."

ఈ కొట్లాట ఆ కొండ మీద మొదలై, లారీలో, బస్సులో, అయిదు రోజుల రైళ్ళలో సాగింది. వాడు నిద్రలో అయిదనేది, నేను మెలకువగా ఉండి మూడనేది. కుప్పంలో దిగేసరికి మా ఇద్దరికీ మాటల్లేవు, వేళ్ళు మాత్రం చూపించుకుంటా ఉంటిమి.

మదనపల్లెలో ఫోటో కడిగినాక స్టూడియో ఆయన చాలాసేపు బయటికి రాలేదు. పన్నెండు ఫోటోలూ ఒకే ఫోటోలో పడినాయి. ఒకరి మీద ఒకరు పన్నెండుమంది, అందరూ వాడే, ఇరవైనాలుగు చేతులు, నడిమధ్యలో ఒక పొగ, ఆ పొగలో ఒక మీసం.

సంత రోజు టీ కొట్టు దగ్గర జనం మూగినారు. మామ ఫోటోను దూరం పెట్టి చూసినాడు, దగ్గర పెట్టి చూసినాడు. "ఇది మంచా, మజ్జిగా?" అన్నాడు. అందరూ నవ్వినారు. "తువ్వాలేదిరా?" అన్నాడు తర్వాత. వాడు ఖాళీ భుజం తడుముకుని, "ఒకాయప్పకు ఇచ్చేసినా మామా" అన్నాడు. ఇంకా నవ్వినారు.

నేను ముందుకొచ్చి, "మామా, నిజంగా చూసినాము. మా ఇద్దరి కళ్ళతో చూసినాము" అన్నాను. అన్నిటికంటే ఎక్కువ నవ్వింది దానికే. నేనేం చెప్పినా నవ్వడం వాళ్ళకు నేనే నేర్పించినాను. ఆ రోజు మొదటిసారి ఆ నవ్వు నాకు నచ్చలేదు. వాడు తల వంచుకుని కాలి వేలితో మట్టి గీకుతా ఉండినాడు.

మామ నవ్వలేదు. టీ గ్లాసు పక్కన పెట్టి, తన భుజం మీది తువ్వాలు తీసినాడు. "నోటి మాట మనకొద్దు. ఎన్ని శిఖరాలు సూసినారో ఒక్కొక్కరూ వచ్చి ఈడ చెప్పండి. ఒకరిది ఇంకొకరికి కనబడకూడదు."

ముందు నన్ను పిలిచినాడు. ఆ నాలుగడుగుల్లో నేను ఆలోచించినాను. నేను చూసింది మూడు. వాడు అయిదిస్తాడు. మా ఇద్దరి లెక్కా కలవకపోతే వాడి పని అయిపోతుంది. నా మూడుదేముంది? తువ్వాలు కింద మామ చేతిలో అయిదు వేళ్ళూ పెట్టేసినాను. పుట్టి బుద్ధెరిగినాక నేను ఒకరికి చేసిన మొదటి మేలు అది.

తర్వాత వాడు పోయినాడు. తువ్వాలు కదిలింది. మామ కనుబొమలు పైకి లేచినాయి.

"వీడు అయిదిచ్చినాడు," అన్నాడు నన్ను చూపించి. "నువ్వు మూడిచ్చినావు."

వాడు నా వైపు తిరిగి, సంతంతా వినేటట్టు అరిచినాడు. "యాలరా అయిదిచ్చినావు? మూడు మూడని నా పేనం తీస్తివే! నీ లెక్కకు కలుస్తాదని నేను మూడిస్తే!"

"నీ లెక్కకు కలుస్తాదని నేను అయిదిస్తిని! అయినా మూడేరా!"

"అయిదు!"

"మూడు!"

"రైల్లో కూడా ఇదే కతనా?" అన్నాడు మామ.

"అయిదు రోజులు మామా! పక్కనుండేటోళ్ళు లేచి వేరే డబ్బాలోకి పోయినారు!" అన్నాడు వాడు.

మామకు అప్పుడు నవ్వొచ్చింది. పొట్ట పట్టుకుని నవ్వి, కళ్ళు తుడుచుకుని, జనం వైపు తిరిగినాడు. "అబద్ధమైతే రైల్లోనే ఒక లెక్క అనుకుని వచ్చిందురప్పా. సూడనోళ్ళు కొట్లాడరు. వీళ్ళు సూసినారు." తర్వాత దళారి గొంతుతో, చెయ్యి పైకెత్తి, "ఒకడు మూడు, ఒకడు అయిదు. నాలుగుకు తెంపుతా ఉండా. ఇంగ ఎవురూ మారుమాట్లాడకూడదు" అన్నాడు.

ఆయన లేచి పోతా పోతా తన తువ్వాలు వాడి భుజం మీద వేసినాడు. అది తీసుకోవడం మర్చిపోయినాడని వాడు వెనక పరిగెత్తితే, వెనక్కి తిరక్కుండానే చెయ్యి ఊపినాడు. ఆ ఎర్ర అంచు తువ్వాలు చిరుగులు పడేదాకా వాడి భుజం మీదనే ఉండింది. దాని కింద ఎన్ని ఎద్దులు చేతులు మారినాయో నాకు తెలియదు. వాడు పోయినప్పుడు దాన్నే వాడి మీద కప్పినారు. నేను అక్కడ ఏదో ఎగతాళి చెయ్యాలని చూసినాను, రాలేదు.

మంగలాయప్ప నా మొహం తుడిచి, పౌడరు అద్ది, కేలండరు దిక్కు చూసినాడు. "ఇంతకీ ఏం లెక్కపెట్తా ఉంటిరి సామీ? ఏడు కొండలుండాయే ఆడ?"

ఏడే ఉన్నాయి. నేను మూడుసార్లు లెక్కపెట్టినాను.

"నాలుగప్పా," అన్నాను. "అది ఎప్పుడో తెగిపోయిన బేరం."